పురపాలనలో ఒక నెల

మయసభలో కొలువుతీరిన ధర్మరాజును చూడవచ్చిన నారదుడు ఆశీర్వచనంతో సరిపెట్టుకోలేదు. ఒకదాని వెంట ఒకటిగా ప్రశ్నలు వేశాడు. రాజ్యంలో చెరువులు నిండుగా ఉన్నాయా అని అడిగాడు. సైన్యానికి జీతం ఆలస్యం లేకుండా అందుతున్నదా అని అడిగాడు. చూపులేనివారిని, మాటరానివారిని, అయినవారు లేనివారిని తండ్రివలె కాపాడుతున్నావా అని అడిగాడు. రాబడి, ఖర్చుల లెక్కలు రాసేవారు ప్రతిదినమూ ప్రొద్దుటి పూటే తమ పని ముగిస్తున్నారా అని కూడా అడిగాడు. వ్యాసభారతం సభాపర్వంలోని ఈ ఘట్టాన్ని నన్నయ తెలుగు చేశాడు. రాజనీతి బోధగా పేరుపొందిన ఆ ప్రశ్నలలో యుద్ధతంత్రం ప్రక్కనే నీళ్ళు, జీతాలు, లెక్కలు కూడా అంతే గౌరవంతో కూర్చుని ఉన్నాయి. నారదుడు ఒకసారి అడిగి వెళ్ళిపోయాడు. ఈనాటి చిన్న పట్టణంలో మాత్రం అవే ప్రశ్నలు నెలనెలా తిరిగివస్తాయి. సమాధానం చెప్పవలసినవాడు సింహాసనం మీద ఉండడు. తెల్లవారుజామున వాల్వు తిప్పే మనిషి, వీధి ఊడ్చే కార్మికురాలు, సంఘం పుస్తకం చంకన పెట్టుకొని వాడలో తిరిగే రిసోర్స్ పర్సన్, కార్యాలయంలో జనన మరణాల రిజిస్టరు ముందు కూర్చున్న గుమాస్తా - వీరందరూ తలా ఒక ముక్క జవాబు చెప్పాలి.

పురపాలక సంఘం తెలుగువారికి కొత్త వ్యవస్థ కాదు. భీమునిపట్నం పురపాలక సంఘం 1861లో ఏర్పడింది. 1882లో లార్డ్ రిప్పన్ తెచ్చిన తీర్మానం స్థానిక స్వపరిపాలనకు ఒక రూపం ఇచ్చింది. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు రాజమహేంద్రవరం పురపాలక సంఘానికి అధ్యక్షత వహించాడు. వల్లభాయ్ పటేల్ అహమ్మదాబాదులో అదే పని చేశాడు. దేశాన్ని నడిపినవారు కొందరు మొదట మురుగుకాలువల లెక్క చూసినవారే. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం 1965లో వచ్చింది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చి, పట్టణ పాలనకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. పన్నెండవ షెడ్యూలులో 18 విషయాలను పేర్కొన్నది. అందులో నీటి సరఫరా ఉన్నది, శ్మశానవాటిక ఉన్నది, మురికివాడల అభివృద్ధి ఉన్నది, పట్టణ పేదరిక నిర్మూలన ఉన్నది. పుట్టుక నమోదు నుండి చితి వరకు పౌరుని వెంట నడిచే ప్రభుత్వం ఇదొక్కటే అనడం అతిశయోక్తి కాదు. అయినా పత్రికలలో మొదటి పుట దీనికి దక్కడం అరుదు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో నెల ఒకటవ తేదీతో మొదలవుతుంది. ఆనాడు వార్డు సచివాలయ సిబ్బంది పింఛన్ల సొమ్ముతో తెల్లవారకముందే వీధులలోకి వస్తారు. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన ఈ సచివాలయాలు పురపాలక సంఘాన్ని వాడ మొదటికి తీసుకువచ్చాయి. వృద్ధుల పింఛను 2024 జూలై 1 నుండి నెలకు 4,000 రూపాయలయింది. పైకమిచ్చే ముందు యంత్రం మీద వేలిముద్ర పడాలి. జీవితమంతా కూలిచేసిన వృద్ధురాలి వేలికొనలు అరిగి నున్నబడి ఉంటాయి. యంత్రం ఆమెను గుర్తించదు. వేలు తుడిచి మళ్ళీ పెట్టిస్తారు. కాకపోతే ముఖచిత్రంతో ప్రయత్నిస్తారు. ఆ పది నిమిషాలలో ఉద్యోగి చూపే ఓర్పును కొలిచే నివేదిక ఏదీ లేదు. అయినా “ఉండు నాయనా, చెయ్యి కడుక్కొని వస్తా” అని లేచే ఆ అవ్వకు ప్రభుత్వమంటే ఆ ఓర్పే. సాయంత్రానికి ఎన్ని వందల మందికి అందిందన్న అంకె పై అధికారులకు చేరుతుంది. అందనివారు ఎవరు, ఎందుకు అందలేదు అన్నది ఆ వీధి తెలిసినవారికే తెలుస్తుంది. ఒకామె కూతురి ఊరికి వెళ్ళి ఉండవచ్చు. మరొకామె ఆసుపత్రిలో ఉండవచ్చు. ఈ ‘ఎందుకు’ తెలిసిన సిబ్బంది ఉన్నచోట నారదుని ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అంకె మాత్రమే తెలిసినచోట దొరకదు.

ఇక నీటి సంగతి. కుళాయి తిప్పినప్పుడు నీరు రావడం పట్టణవాసికి సహజమైన విషయంగా కనిపిస్తుంది. దాని వెనుక నెలంతా సాగే పని ఎంత ఉన్నదో ఆలోచించడు. నది నుండో కాలువ నుండో వచ్చిన నీటిని వేసవి నిల్వచెరువులో ఉంచుతారు. అక్కడి నుండి వడపోత కేంద్రానికి, వడపోత నుండి ఎత్తైన ట్యాంకులకు, ట్యాంకుల నుండి గొట్టాలలోకి పంపుతారు. భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, లేనిచోట 70 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం నిర్దేశించిన ప్రమాణం. వీధి చివరి కుళాయి వద్ద కూడా లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది ఉన్నదో లేదో తెలుసుకోవడానికి చిన్న గాజుగొట్టంలో నీరు పట్టి మందు చుక్కలు వేస్తారు. నీరు పసుపుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టు, మారకపోతే లేనట్టు. ఇంత చిన్న పరీక్ష మీద ఒక వాడ ఆరోగ్యం ఆధారపడి ఉన్నదంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో చెప్పుకోవాలి. చిన్న పట్టణాలలో నీటిని రోజంతా వదలరు. ఉదయం ఒక గంటో రెండు గంటలో వదిలి కట్టివేస్తారు. వదిలినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది గనుక చిల్లు ఉన్నా నీరు బయటికే చిమ్ముతుంది. కట్టివేసిన తరువాత ఒత్తిడి తగ్గి, గొట్టం ఖాళీ అవుతుంది. ఆ చిల్లు మురుగుకాలువలో ఉంటే అప్పుడు మురుగు లోపలికి దిగుతుంది. మరునాడు వాల్వు తిప్పగానే మొదట వచ్చే బిందెడు నీటిలో ఆ మురుగు ఉంటుంది. 2018 మార్చిలో గుంటూరు నగరంలో మంచినీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలి పదిమందికి పైగా మరణించారు. అది పెద్ద నగరం కనుక రాష్ట్రమంతా తెలిసింది. చిన్న పట్టణంలో ఇద్దరు ముగ్గురు ఆసుపత్రిలో చేరితే జిల్లా పుటలో నాలుగు వాక్యాల వార్త అవుతుంది. మురుగుకాలువను దాటే గొట్టాలను గుర్తించి మార్చడం, ట్యాంకు కడిగి ఆ తేదీని గోడమీద రాయడం, క్లోరిన్ పరీక్ష చేసి పుస్తకంలో ఎక్కించడం ప్రతినెలా చేయవలసిన పనులు. ట్యాంకు కడగకుండానే తేదీ రాయడం సాధ్యమే. పరీక్ష చేయకుండానే పుస్తకం నింపడమూ సాధ్యమే. పురపాలనలో అసలైన నీతిపరీక్ష లంచాల దగ్గర మాత్రమే లేదు; ఎవరూ చూడని ఈ పుస్తకాల దగ్గర కూడా ఉన్నది.

నీళ్ళ రంగు మారిందని మొదట కనిపెట్టేది ప్రయోగశాల కాదు, బిందె పట్టిన గృహిణి. “ఏమిటి వదినా, నీళ్ళు వాసన వేస్తున్నాయి?” అని ప్రక్కింటివారిని అడిగిన ఆ మాట సాయంత్రానికి ఇంజనీరు చెవిన పడితే గొట్టం బాగుపడుతుంది. పడకపోతే ఆ మాట వీధిలోనే ఆగిపోతుంది. ఆ మాటను మోసుకుపోయే మనిషి ఎవరు అన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న.

ఈ ప్రశ్న చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నగర నిర్వహణకు సంబంధించిన ప్రకరణం ఒకటి ఉన్నది. అందులో ‘గోపుడు’ అనే ఉద్యోగి కనిపిస్తాడు. పది, ఇరవై లేదా నలభై కుటుంబాలకు ఒక గోపుడు. ఆ కుటుంబాలలోని స్త్రీపురుషుల పేర్లు, వృత్తులు, ఆదాయ వ్యయాలు అతనికి తెలిసి ఉండాలి. వీధిలో దుమ్ము పోసినవానికి పణంలో ఎనిమిదవ వంతు, బురదతోనో నీటితోనో దారి అడ్డగించినవానికి నాలుగవ వంతు జరిమానా విధించాలని కూడా అక్కడే ఉన్నది. కౌటిల్యుని గోపుడు రాజు కన్ను. ప్రజల గురించి రాజుకు చెప్పడమే అతని పని. ప్రజల మాట రాజుకు వినిపించడం అతని పనులలో లేదు. స్వతంత్ర భారతదేశంలో పట్టణ సమాజాభివృద్ధి సిబ్బంది అనే పేరుతో ఏర్పడినవారు ఈ గోపునికి దూరపు చుట్టాలు. తేడా ఏమిటంటే, వీరు కన్ను మాత్రమే కాదు. నోరు కూడా కావాలి.

పట్టణ సమాజాభివృద్ధి ప్రయోగం 1958లో ఢిల్లీలో మొదలయింది. హైదరాబాదులో 1967లో చిన్న ప్రాంతంలో ప్రారంభమై క్రమంగా నగరంలోని బస్తీలకు విస్తరించింది. బాలవాడులు, కుట్టుపని శిక్షణ, బస్తీవాసులు తమ ఇళ్ళను తామే కట్టుకొనేటందుకు చేయూత వంటి పనులతో ఆ ప్రాజెక్టు దేశం దృష్టిని ఆకర్షించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి లేచిన సారా వ్యతిరేకోద్యమం మహిళలను సంఘటితం చేసింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు వేళ్ళూనుకున్నాయి. 1997 డిసెంబరులో స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజన వచ్చి పట్టణ పేదలకు ఇటువంటి సంఘాలను పరిచయం చేసింది. 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ ‘మెప్మా’ ఏర్పడింది. పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. ఫలకాల మీద రంగులూ మారాయి. పదిమంది స్త్రీలు ఒక వసారాలో కూర్చుని నెలకొకసారి లెక్క చూసుకోవడం మాత్రం మారలేదు.

ఆ నెలవారీ సమావేశం పైకి సామాన్యంగా కనిపిస్తుంది. మధ్యాహ్నం వంటపని ముగిశాక ఒక్కొక్కరే వస్తారు. చాప పరుస్తారు. హాజరు పలుకుతారు. పొదుపు, అప్పు వాయిదా, వడ్డీ ఒక్కొక్కరి పేరు మీద రాస్తారు. ఎవరైనా కట్టలేకపోతే కారణం చెప్పాలి. “ఈ నెల మా ఆయనకు పని దొరకలేదు అక్కా” అన్నమాట అక్కడ సాకుగా కాక సమాచారంగా వినబడుతుంది. ఎందుకంటే ఆ మాట నిజమో కాదో మిగిలిన తొమ్మిదిమందికీ తెలుసు. బ్యాంకు అడిగే హామీపత్రం కంటే ఈ తెలిసి ఉండడమే గట్టి హామీ. అప్పు సంగతి తేలిన తరువాత అసలు మాటలు మొదలవుతాయి. మూలమలుపులో దీపం వెలగడం లేదు. అంగన్‌వాడీకి తలుపు గడియ ఊడిపోయింది. ఫలానా ఇంటి పిల్ల పదవ తరగతి ఆపివేసింది, పెళ్ళి మాట వినబడుతున్నది. ఈ చివరి మాటను మెల్లగా చెబుతారు. పుస్తకంలో రాయరు. రిసోర్స్ పర్సన్ విని ఊరుకోదు, ఆ సాయంత్రం దారిన పోతున్నట్టుగా ఆ ఇంటి ముందు ఆగి, “పిన్నీ, పిల్ల ఏదీ?” అని పలకరిస్తుంది.

కొన్ని సంఘాలు కలిసి వాడస్థాయి సమాఖ్యగా, అటువంటి సమాఖ్యలన్నీ కలిసి పట్టణస్థాయి సమాఖ్యగా ఏర్పడతాయి. వాడలోని రిసోర్స్ పర్సన్ సామాన్యంగా ఆ వాడ స్త్రీయే. తానూ ఒక సంఘంలో సభ్యురాలిగా ఉండి, చదవడం రాయడం వచ్చి, నలుగురిలో మాట్లాడగలిగినందువల్ల ఆ పనిలోకి వచ్చినది. ఆమె పైన సామాజిక నిర్వాహకులు - కమ్యూనిటీ ఆర్గనైజర్లు - ఉంటారు. ఆమెకు ఇచ్చేదానిని గౌరవవేతనం అంటారు. ఆ సమాసంలో మొదటి పదం ఎంత పెద్దదో రెండవది అంత చిన్నది. ఓటర్ల జాబితా సవరణ, ఇంటింటి సర్వే, వైద్యశిబిరానికి జనసమీకరణ, సభకు కుర్చీలు నింపడం - ఏ శాఖకు ఏ పని పడినా మొదట పిలుపు ఆమెకే వస్తుంది. తన సంఘాల పని రాత్రి ఇంటికి వచ్చిన తరువాత చూసుకోవాలి. వాడ నమ్మకాన్ని సంపాదించిన మనిషిని మందిని పోగుచేసే మనిషిగా వాడుకోవడం పాలనలోని దూరదృష్టి లోపమే. ఆ నమ్మకం ఒకసారి తరిగితే ఉత్తర్వు ఇచ్చి తిరిగి తెప్పించడం సాధ్యం కాదు.

పారిశుద్ధ్యం అనే మాట ఎంతో శుభ్రమైనది. ‘పరిశుద్ధం’ నుండి పుట్టినది కనుక నిఘంటువులో దానికి మచ్చ లేదు. ఆ పని చేసేవారి చేతులకు చేతితొడుగులు కూడా లేని రోజులు చాలా గడిచాయి. సూర్యోదయానికి ముందు మేస్త్రి హాజరు తీసుకోవడంతో వారి దినచర్య మొదలవుతుంది. ఇంటింటి చెత్త సేకరణ, తడి పొడి చెత్తల వేర్పాటు అనే మాటలు ఇప్పుడు పాఠశాల పిల్లలకు కూడా తెలుసు. 2000 నాటి నిబంధనలు ఆ మాటలకు దారితీశాయి. 2016 నాటి నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ఇంట్లోనే మూడుగా వేరు చేయాలని చెప్పాయి. అయితే నిబంధనను వీధిలోకి దించి చూపిన కొద్ది పట్టణాలలో సూర్యాపేట ఒకటి. సుమారు లక్ష జనాభా గల ఆ పట్టణంలో 2003 ప్రాంతంలో కమిషనరు ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ నాయకత్వాన వీధి చెత్తకుండీలనే తొలగించారు. కుండీ లేకపోతే చెత్త ఎక్కడ వేయాలి అన్న ప్రశ్నకు సమాధానంగా బండి ఇంటి ముందుకు వచ్చింది. తడి చెత్త వానపాముల ఎరువయింది. పొడి చెత్త అమ్ముడుపోయింది. మహిళా సంఘాలకు ఆ పనిలో భాగం లభించింది. ఎన్నో పురపాలక సంఘాల వారు వచ్చి చూసి వెళ్ళారు. చూసి వెళ్ళినంత సులభం కాదు చేయడం. అక్కడ జరిగినదంతా యంత్రాల మహిమ కాదు; ప్రతి దుకాణదారుతో, ప్రతి గృహిణితో మాట్లాడడం, వినకపోతే మళ్ళీ మాట్లాడడం. అధికారి బదిలీ అయినప్పుడు బండ్లు, రిజిస్టర్లు తరువాతి వారికి అప్పగించవచ్చు. ఆ మాటల పొందికను అప్పగించే పద్ధతి లేదు.

ఈ మధ్యకాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతినెలా మూడవ శనివారం స్వచ్ఛతకు కేటాయించారు. ‘స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర’ పేరిట ఈ కార్యక్రమాన్ని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 జనవరి 18న మైదుకూరులో ప్రారంభించారు. ఫిబ్రవరి 15న కందుకూరులో, మార్చి 15న తణుకులో పాల్గొన్నారు. మూడూ చిన్న పట్టణాలు కావడం గమనార్హం. ఆ రోజున అధికారులు, ప్రజాప్రతినిధులు, విద్యార్థులు చీపుర్లు పడతారు, ఛాయాచిత్రాలు తీస్తారు. అది తప్పు కాదు. చీపురు పట్టడం చిన్నతనం కాదని పిల్లలకు తెలియడం మంచిదే. కాని నాలుగవ శనివారం కూడా చెత్త ఉంటుంది; ఆనాడు ఛాయాచిత్రకారుడు ఉండడు. 2023 డిసెంబరు 26న ఆంధ్రప్రదేశ్ పారిశుద్ధ్య కార్మికులు తమ జీతభత్యాల కోసం సమ్మె ప్రారంభించినప్పుడు కొద్దిరోజులకే వీధుల మూలలన్నీ చెత్తగుట్టలయ్యాయి. సైన్యానికి జీతం ఆలస్యం చేయడం లేదు కదా అని నారదుడు అడిగినది పురపాలక సంఘానికి కూడా వర్తిస్తుంది. దానికి ఉన్న సైన్యం వీరే.

శుక్రవారం ‘డ్రై డే’ అంటారు. ఆనాడు ఇంటిలోని తొట్టెలు, పూలకుండీల కింది పళ్ళాలు, పాత టైర్లు ఖాళీచేసి ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు దశ నుండి రెక్కలు వచ్చే వరకు వారం పది రోజులు పడుతుంది గనుక వారానికొకసారి నీరు పారబోస్తే ఆ చక్రం తెగిపోతుంది. ఈ సంగతి తెలియని ఇల్లాలికి అది మరొక ప్రభుత్వ విధి. తెలిసిన ఇల్లాలు ఎవరూ చెప్పకుండానే తొట్టె వంచుతుంది.

కార్యాలయంలో పనులు మరొక తీరున సాగుతాయి. పుట్టుకను గాని మరణాన్ని గాని 21 రోజులలోపు తెలియజేస్తే నమోదు ఉచితం. ఆ తరువాత రుసుము, సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఇంట్లో పురుడు పోసుకున్న తల్లికి, దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఈ 21 అనే అంకె గుర్తుండదు. పదేళ్ళ తరువాత బడిలోనో, ఆస్తి పంపకంలోనో అది వచ్చి నిలదీస్తుంది. ఇంటిపన్ను ఆరునెలలకొకసారి. మార్చినెల వచ్చిందంటే బిల్లు కలెక్టర్లకు నిద్ర ఉండదు. పన్ను అడగడానికి వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టి, కుళాయి నీరు రాలేదని దండించడం పట్టణాలలో పరిపాటి. అతనికి నీటితో సంబంధం లేకపోవచ్చు. అయినా పన్నుకూ నీటికీ సంబంధం ఉన్నదని పౌరుడు గుర్తించిన క్షణం అదొక్కటే కనుక ఆ కోపాన్ని తేలికగా తీసివేయరాదు.

బండి మీద కూరలమ్మేవారి వ్యవహారం కూడా ఈ కార్యాలయానిదే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వారిలో మూడవ వంతు స్త్రీలు కావాలి. 2020 జూన్‌లో ప్రారంభమైన స్వనిధి పథకం కింద వారికి మొదట 10,000 రూపాయల అప్పు ఇచ్చారు. 2025లో ఆ మొదటి విడతను 15,000 చేశారు. దరఖాస్తు నింపించినది వాడలోని సమాజాభివృద్ధి సిబ్బంది. అదే బండిని ట్రాఫిక్‌కు అడ్డమని తొలగించినది అదే కార్యాలయంలోని మరొక విభాగం. ఒక చేయి ఇచ్చినదాన్ని మరొక చేయి తీసుకోకుండా చూడవలసిన చోటు పాలకమండలి సమావేశం.

నెలకొకసారైనా ఆ సమావేశం జరగాలన్నది చట్టం. అజెండా ముందుగా సభ్యులకు చేరుతుంది. చివరి క్షణంలో చేర్చినవాటిని టేబుల్ అజెండా అంటారు. వివాదాలు తరచు అక్కడే పుడతాయి. మురుగుకాలువ పూడిక, పైపులైను, వీధిదీపాల కొనుగోలు, టెండర్ల ఆమోదం - ఒక్కొక్క అంశం చదవడం, ‘ఆమోదం’ అనడం. కొన్ని సభలు గంటలోపే ముగుస్తాయి. కొన్నింటిలో అసమ్మతి పత్రాలు, సభ నుండి నిష్క్రమణలు ఉంటాయి. ఇవి చూసి విసుగు చెందేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఎన్నికైన పాలకమండళ్ళ కాలం 2019లో ముగిసింది. తిరిగి ఎన్నికలు 2021 మార్చి 10న జరిగాయి. నడుమనున్న కాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. అప్పుడు కూడా నీళ్ళు వచ్చాయి, వీధులు ఊడ్చారు, పింఛన్లు అందాయి. అయితే మా వీధికి ఎందుకు రాలేదని నిండు సభలో లేచి అడిగే మనిషి లేడు. ఐదేళ్ళు నిండకముందే ఎన్నికలు పూర్తికావాలని రాజ్యాంగం చెప్పినది ఈ ప్రశ్న కోసమే. గోలగా సాగిన సభ చూడముచ్చటగా ఉండదు. సభే లేని నెల అంతకంటే ప్రశాంతంగా ఉంటుంది, అంతకంటే నష్టం కూడా చేస్తుంది.

సభలో కూర్చున్నవారికి అజెండా తెలుసు. వసారాలో కూర్చున్నవారికి వీధి తెలుసు. ఈ రెండింటికీ మధ్య దారి చట్టంలో అంత స్పష్టంగా లేదు. వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం చెప్పినది మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న చోట్లకే. చిన్న పట్టణాలలో ఆ దారిని మనుషులే వేసుకోవాలి. కౌన్సిలరుగా ఎన్నికైన స్త్రీ ఒకప్పుడు పొదుపు సంఘంలో సభ్యురాలై ఉంటే దారి దగ్గరవుతుంది. సామాజిక నిర్వాహకుడు నెలాఖరు నివేదికలో ఎన్ని సంఘాలు, ఎంత పొదుపు, ఎంత రుణం అన్న గడులు నింపి ఊరుకోకుండా, సమావేశాలలో విన్న ఫిర్యాదులను వేరే కాగితం మీద రాసి ఇంజనీరు బల్ల మీద పెడితే మరింత దగ్గరవుతుంది. ఆ కాగితం కోసం నివేదికలో గడి లేదు. పెట్టినవాడికి ప్రశంస లేదు, పెట్టనివాడికి సంజాయిషీ లేదు.

వాడ సమాఖ్య తీర్మానాల పుస్తకం ఈ నెలకు ఇలా ఉంటుంది. పైన తేదీ, హాజరైనవారి సంఖ్య. కింద పొదుపు మొత్తం. ఆ కింద మూడవ అంశంగా, మూలమలుపులో వీధిదీపం వెలగనందున రాత్రివేళ ట్యూషను నుండి వచ్చే ఆడపిల్లలకు ఇబ్బందిగా ఉన్నదని, వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వాలని తీర్మానించడమైనదని. కింద సంతకాలు; రెండు మూడు చోట్ల వేలిముద్రలు. అర్జీ ఇచ్చినవారు రసీదు తెచ్చి అదే పుటకు గుండుసూదితో గుచ్చుతారు. వచ్చే నెల చాప పరిచి హాజరు పలికిన తరువాత మొదట ఆ పుటే తీస్తారు. దీపం వెలిగి ఉంటే ఆ అంశం ప్రక్కన తేదీ వేస్తారు. వెలగకపోతే కొత్త పుటలో అదే వాక్యం మళ్ళీ రాస్తారు.